కోక్సు తీగ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: మా మామగారు తెనాలిలో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. ఆరు నెలలుందామని న్యూజెర్సీ ఎడిసన్‌లోని మా కాండోకి వచ్చి, పదో రోజుకల్లా ఇంట్లో తెలుగు చానెళ్ళు లేని లోటు కనిపెట్టారు. మా కేబుల్‌లో మనవి రావు, డిష్షు పెట్టాల్సిందే. “ఇల్లంతా కొత్త వైరు లాగాలేమో మామయ్యగారూ” అని నసిగాను. ఆయన వాదించలేదు. సోఫా వెనక గోడకున్న కేబుల్ ప్లగ్గు వంక ఒకసారి చూసి, కరెంటు బిల్లు కవరు వెనక ఈ పద్యం రాసి నా చేతికిచ్చారు.

మూలం:

గోడలోన నుండెఁ గోక్సు తీగొక్కటి
కొత్త తీగ వద్దు కొనకు నీవు
డిష్షు తెచ్చి దాన టీవీకిఁ దగిలింప
తెలుగు సీరియళ్ళు తెరకు దూకు

ఛందస్సు ఆటవెలది. గణాలు కుదిరాయి, యతులు కుదిరాయి. మిగతావి కుదరడానికి రెండు శనివారాలు పట్టింది. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథ సూరిది మెదక్ దగ్గర కొల్చారం. ఆయన పని నాకంటే సుఖం. అర్థం తప్పు చెబితే పండితులు నవ్వి ఊరుకుంటారు, ఇంట్లో టీవీ ఆగిపోదు.

ప్రతిపదార్థం:

గోడలోన = గోడ లోపల. ఇంతవరకు పిల్లలకైనా తెలుసు. ఎవరి గోడ అన్నదే చిక్కు. కాండోలో మనం కొన్నది గోడల మధ్యనున్న చోటు. బయటి గోడా, పైకప్పూ, మెట్లూ అసోసియేషన్ వాళ్ళ ఉమ్మడి ఆస్తి. మరి గోడలోని తీగ? దానికి అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వాళ్ళు గట్టు వేసి పెట్టారు. ఇలాంటి భవనాల్లో కేబుల్ తీగ మన ఇంట్లోకి దూరే చోటికి బయట సుమారు 12 అంగుళాల దగ్గర సరిహద్దు. ఇవతలిది ఇంటి తీగ. కేబుల్ మానేస్తే కంపెనీవాడు దాన్ని పీక్కుపోయే ముందు, కొనుక్కుంటారా అని మనల్ని అడగాలి. గట్టు తగాదాలు చూస్తూ పెరిగినవాణ్ణి గనక ఆ 12 అంగుళాల మీద నాకు వెంటనే గౌరవం కలిగింది.

ఉండెన్ = ఉన్నది. నిజమే. ఎక్కణ్ణించి ఎక్కడికి ఉన్నదో కవి చెప్పలేదు. దీన్ని ఆలంకారికులు న్యూనపద దోషమంటారు.

కోక్సు = కోయాక్సియల్. నడుమ ఒక కడ్డీ, దాని చుట్టూ తెల్లని నురగ లాంటి ప్లాస్టిక్, ఆపైన రేకు, సన్నతీగల అల్లిక, నల్లటి తొడుగు. కడ్డీకీ అల్లికకీ ఇరుసు ఒక్కటే కావడం వల్ల ఆ పేరు. మామగారు మొదట దీన్ని “ఏకాక్ష తీగ” అని తెలిగించారు. ఏకాక్షి అంటే కాకి కదండీ అని మా ఆవిడ గుర్తుచేస్తే, “సమాక్ష తీగ” అని దిద్దుకున్నారు. పద్యంలో మాత్రం కోక్సే ఉంచారు. యతి అడిగిందిట.

ఇక్కడ పాఠభేదం ఉంది. ప్లగ్గు పలక విప్పి, ఫోను టార్చి వేసి, తొడుగు మీది అక్షరాలు శాసనం చదివినట్టు చదివాను. గోడలో ఉన్నది “ఆర్‌జీ-6”. గోడ నుంచి టీవీకి వేలాడుతున్న సన్న ముక్క “ఆర్‌జీ-59”. రెండూ 75 ఓమ్‌ల తీగలే గానీ, రెండోదాని కడ్డీ సన్నం. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అది సిగ్నల్‌ని దారిలోనే తినేస్తుంది. కేబుల్ రోజుల్లో చెల్లింది, డిష్షుకు పనికిరాదు. ప్రక్షిప్తమని తీసి పారేశాను. ఆర్‌జీ-6లోనూ మోసముంది. చాలావాటిలో కడ్డీ రాగి కాదు, రాగి పూసిన ఉక్కు. సిగ్నల్ పైపొర మీదే పరుగెడుతుంది కనుక దానికి పూత చాలు. డిష్షుకు పంపే డీసీ కరెంటు మాత్రం కడ్డీ లోపలంతా నడవాలి, అక్కడ ఉక్కు అడ్డుపడుతుంది. ఇల్లు చిన్నది గనక మాకు నడిచిపోయింది.

తీగ ఒక్కటి = ఒకే తీగ. మామూలుగా ఒక్క తీగ ఒక్క రిసీవరు మాటే వింటుంది. రిసీవరు 13 వోల్టులు పంపితే డిష్షు ఒక తీరు తరంగాలనూ, 18 పంపితే ఇంకో తీరు తరంగాలనూ అందుకుంటుంది. హాల్లో మామగారు వార్తలకు 13 అడిగి, పడగ్గదిలో అత్తగారు సీరియల్‌కు 18 అడిగితే ఆ తీగ ఎవరి పక్షాన నిలబడుతుంది? ఈ తగువు తీర్చడానికి మల్టీస్విచ్‌లున్నాయి. మేం రెండో టీవీయే వద్దనుకున్నాం.

కొత్త తీగ వద్దు, కొనకు నీవు = ఈ పాదం గురించి చివర్లో.

డిష్షు తెచ్చి = తెచ్చి ఎక్కడ పెట్టాలి? 1996లో ఎఫ్‌సీసీ చేసిన నియమం ఒకటుంది. ఒక మీటరు, అంతకు లోపు వెడల్పున్న డిష్షును, మనం మాత్రమే వాడుకునే బాల్కనీలో పెట్టుకుంటే అసోసియేషన్ వద్దనడానికి లేదు. మామగారు ఇది విని విజయగర్వంతో పైకప్పు చూపించారు. పైకప్పు ఉమ్మడిది, నియమం దానికి వర్తించదు. బయటి గోడకు చిల్లు పెట్టే హక్కూ ఇవ్వదు. అందుకని బాల్కనీలో ముక్కాలి పీట లాంటి స్టాండు మీద డిష్షు నిలబెట్టి, కాళ్ళ మీద సిమెంటు దిమ్మలు పెట్టాం. మా బాల్కనీ దక్షిణానికి ఉండబట్టి సరిపోయింది. ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన 35,786 కిలోమీటర్ల ఎత్తున కూర్చుంటుంది, న్యూజెర్సీ నుంచి చూస్తే దక్షిణాకాశంలోనే. ఎదురింటి ఉత్తరం బాల్కనీవాళ్ళను ఏ చట్టమూ ఆదుకోలేదు.

దాన = దానితో. డిష్షుతోనా, తీగతోనా? అన్వయం తేలదు. మేం తీగతో అనే అర్థం తీసుకుని మొదటి శనివారం పాడుచేసుకున్నాం.

తెరకు దూకు = తెర మీదికి వచ్చును. అతిశయోక్తి. వార్తల కోసమే అంటూ వచ్చిన మామగారి అసలు కోరిక రెండో మాటకే బయటపడటం ఈ పాదంలోని ధ్వని.

తాత్పర్యం: ఓ అల్లుడా, గోడలో తీగ ఉండగా డబ్బు తగలెయ్యకు, ఉన్నదానికే డిష్షు తగిలించు.

విశేషాలు: మొదటి శనివారం తగిలించాం. తెర మీద “సిగ్నల్ లేదు” అన్న మాట తప్ప ఏదీ దూకలేదు. అప్పుడు మొదలైంది తీగ లాగితే డొంక కదలడం. హాలు తీగ ఎక్కడికి పోతోందని వెతికితే కోట్ల అలమరలో తేలింది. చలికోట్ల వెనక, కింద నుంచి వచ్చే కేబుల్ కంపెనీ తీగ, పడగ్గది తీగ, హాలు తీగ, మూడూ అరచేతిలో పట్టే ఓ స్ప్లిటర్‌కి బిగించి ఉన్నాయి. దాని మీద “5–1000 మెగాహెర్ట్జ్” అని రాసుంది. ఆకాశం నుంచి 12 గిగాహెర్ట్జ్ దాటి దిగేదాన్ని డిష్షు చేతి చివరనున్న ఎల్ఎన్‌బీ అనే పరికరం 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ లోపుకు దించి పంపుతుంది. 1000 మీద ఆగిపోయే గుమ్మంలోంచి అది ఎలా దూరుతుంది? పైగా ఆ స్ప్లిటర్ కరెంటును అవతలికి పోనివ్వదు. సీరియల్ కిందికి దిగాలంటే ముందు వోల్టులు పైకి ఎక్కాలి. డిష్షుకు ప్రాణమే అందలేదు.

రెండో శనివారం స్ప్లిటర్ ఊడబెరికాను. కంపెనీ తీగను నేరుగా ఇంటర్నెట్ మోడెమ్‌కి ఇచ్చాను. దాన్ని డిష్షు తీగతో కలపకూడదు, ఆ వోల్టులు మోడెమ్ మీద పడితే అది పోవచ్చు. మిగిలిన రెండు కొసలనూ వేలెడంత బారెల్ కనెక్టర్‌తో ముడివేశాను. ఇప్పుడు దారి ఇది: బాల్కనీ నుంచి పడగ్గది ప్లగ్గు, అక్కణ్ణించి గోడలో వెనక్కి అలమర, అలమర నుంచి గోడలో హాలు. ఇన్నాళ్ళూ అలమర నుంచి పడగ్గదికి నడిచిన తీగ ఇప్పుడు ఎదురు నడుస్తోంది. దానికేం పట్టింపు లేదు.

బాల్కనీ నుంచి పడగ్గది ప్లగ్గు దాకా మాత్రం గోడలో ఏ తీగా లేదు. జారుడు తలుపు సందులోంచి దూరే పట్టీ లాంటి చదును కేబుల్ ఒకటీ, దానికి అటూ ఇటూ ఆర్‌జీ-6 ముక్కలూ, వెరసి 12 అడుగులు కొనక తప్పలేదు. బిల్లు మామగారి ముందు పెట్టి, రెండో పాదం చూపించాను.

ఆయన సీరియల్ మీంచి చూపు తిప్పకుండా కవరు అడిగి తీసుకున్నారు. ప్రకటనలు వచ్చేదాకా ఆగి, కొట్టివేసి, దిద్ది ఇచ్చారు:

కొత్త తీగ కొంత కొనుము నీవు

“చూసుకోండి అల్లుడుగారూ, యతి ఎక్కడా చెడలేదు.”