నన్ను కాదనమన్నది ఎవరు?

నేను పాత డెస్క్‌టాప్ కంప్యూటర్‌ని. లాల్ దర్వాజాలో, సింహవాహిని మహంకాళి గుడికి నాలుగు సందుల అవతల, ఒక ఇంటి ముందుగదిలో ఉంటాను. ఒకప్పటి కుట్టుమిషను బల్లే నా పీట. పక్క గోడకు పంచాంగం క్యాలెండరు. దాని కింది అంచున నా అడ్మిన్ పాస్‌వర్డు పెన్సిల్‌తో సన్నగా రాసి ఉంటుంది.

ఇక్కడికి రాకముందు నాలుగేళ్లు ఒక ఆఫీసులో పనిచేశాను. వాళ్లు కొత్తవి కొనుక్కుని మమ్మల్ని తీసేస్తే సికింద్రాబాద్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ దుకాణానికి చేరాను. దుకాణంలో పాత ఖాతాలు చెరిపారు, పైన దుమ్ము తుడిచారు. లోపల ఒక మూల రాసి ఉన్న మాట ఒకటి ఎవరి కంటా పడలేదు. దాని గురించే ఇప్పుడు చెబుతున్నాను.

నన్ను కొన్నది ఈ ఇంటి నాయిన. ఆయన చిన్నతనంలో ఛత్తా బజార్‌లో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి కంపోజ్ చేసేవాడు. తెలుగుకు ఎన్ని గళ్లున్నా చాలవు, ఒత్తులకు వేరే గళ్లు కావాలని ఇప్పటికీ చెబుతాడు. పెళ్లికార్డు అచ్చు వేయించాలంటే ఊరంతా ఆ బజారుకే వచ్చేది. ఇప్పటికీ వస్తుంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్, ఏ భాష కార్డయినా అక్కడ దొరుకుతుంది. ఆయన బిడ్డ ఆ ప్రెస్సులకే ఇంటి నుంచి తెలుగు మ్యాటర్ కొట్టి పంపుతుంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఆమె వేళ్లకు ఆ కీబోర్డు ఎంత అలవాటంటే కళ్లు మూసుకుని కూడా క్ష్మ కొడుతుంది.

ఈ ఆషాఢంలో ఆమెకు ఒక చిక్కు వచ్చింది. శ్రావణం పెళ్లిళ్ల వాళ్లంతా కార్డుతో పాటు అదే మ్యాటర్ వాట్సాప్‌లో కూడా అడుగుతున్నారు. అనులో కొట్టింది అక్కడ అతికిస్తే తెలుగు కనబడదు, ఇంగ్లిష్ గుర్తులు కలగాపులగంగా వస్తాయి. కారణం తేలికే. అను ఫాంటు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు పెట్టింది. ఫాంటు లేని చోట అసలు గది బయటపడుతుంది. అన్ని లిపులకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ అలా కాదు, 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకు 128 గదులు విడిగా కేటాయించింది. పాత వేళ్ల అలవాటుతోనే యూనికోడ్ కొట్టించే కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఒకటి ఆమె దింపుకుంది. దాన్ని ఎక్కించుకోవడమే నా పని.

డబుల్ క్లిక్ చేయగానే నేను నీలం తెర అడ్డం పెట్టాను. ఈ ఫైలు ఎవరిదో నాకు తెలియదని చెప్పాను. ఇంటర్నెట్ నుంచి దిగిన ప్రతి ఫైలు మీద బ్రౌజరు కంటికి కనబడని ముద్ర ఒకటి వేస్తుంది, బయటి నుంచి వచ్చిందని. ఆ ముద్ర చూసే అడిగాను. అదే ఫైలు మామూలు పెన్‌డ్రైవ్‌లో వచ్చి ఉంటే చాలాసార్లు ముద్ర రాలిపోతుంది, నేను అడగనే అడగను. ఆ సంగతి నాకెప్పుడూ భయమే.

ఆమె తొందరపడలేదు. తయారుచేసినవాళ్లు తమ పేజీలో ఫైలుకు వేలిముద్ర లాంటి 64 అక్షరాల హ్యాష్ ఇచ్చారు. నల్ల కిటికీ తెరిచి సర్ట్‌యుటిల్‌తో నా దగ్గరున్న ఫైలుకు హ్యాష్ తీయించి, రెండూ వేలు పెట్టి పోల్చుకుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు దారిలో మారినట్టే. తేడా లేదు. అప్పుడు 'అయినా నడుపు' అన్నది నొక్కింది. నేను పాస్‌వర్డు అడిగాను, ఎందుకంటే ఆమె రోజూ వాడేది మామూలు ఖాతా. క్యాలెండరు చూసి కొట్టింది. ఇన్‌స్టాలేషన్ ఎంత అయిందో చూపే గీత సగం దాకా నిండింది.

అక్కడ ఆగిపోయాను.

'సిస్టమ్ పాలసీ ఈ ఇన్‌స్టాలేషన్‌ను నిషేధించింది. మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి.' కింద 1625 అనే సంఖ్య.

"అడ్మినిస్ట్రేటర్ అంటే నేనే గద నాయినా! నన్ను నేనే అడగాల్నా?" అంది ఆమె.

నా దగ్గర జవాబు లేదు. ఆమె అడ్మినే, నిజమే. కానీ ఆ నిషేధం ఆమెకంటే ముందు నాలో రాసినది. దాన్ని దాటే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు.

రెండు రోజులు అలాగే గడిచాయి. రీస్టార్ట్ చేసింది, డిస్కులో జాగా చూసింది, ఫైలు మళ్లీ దింపింది. వీధి చివర షాపులో అడిగితే యాంటీవైరస్ తీసేసి ప్రయత్నించమన్నారట, కాకపోతే ఫార్మాట్ కొట్టిస్తామన్నారట. ఫార్మాట్ అన్న మాట వినగానే నాకు నాలోని ఫోల్డర్లు గుర్తుకొచ్చాయి. ఏళ్ల తరబడి పేరుకున్న పెళ్లికార్డులు, దశదినకర్మ కార్డులు, ఈ వాడ బోనాల కరపత్రాలు. వాటికి ఇంకో నకలు లేదు. ఆమె ఒప్పుకోలేదు.

మూడోనాడు మొఘల్‌పురా నుంచి చాచా వచ్చాడు. ఇన్‌పేజ్‌లో ఉర్దూ కొట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఉర్దూ రాసే నస్తలీక్ లిపి అక్షరాలు ఏటవాలుగా ఒకదాని భుజం మీద ఒకటి వాలుతూ దిగుతాయి. ఆ లిపిని యంత్రానికి నేర్పడానికి 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేల అక్షరసమూహాలను చేత్తో రాశారు. ఇన్‌పేజ్ అలా పుట్టిన నూరీ నస్తలీక్ మీద నిలబడి 1994లో వచ్చింది. కంప్యూటర్లు రాకముందు ఈ ఊరి ఉర్దూ పత్రికలను కాతిబులనే లేఖకులు కలంతో రాసేవారు. అందుకే చాచాకు సాఫ్ట్‌వేర్ అంటే ఒక మర్యాద.

"నక్కో అంటుందా, బేటీ? ఎవరు నక్కో అనమన్నారో ముందు చూడు. ఈ మధ్య ఏం ఎక్కింది, ఏం ఎక్కలేదు?"

"బ్రౌజరు ఎక్కింది చాచా. గిదొక్కటే ఎక్కుతలేదు."

"రెండు ఫైళ్ల తోకలు చూసినవా?"

చిక్కు విడిపోయింది అక్కడే. బ్రౌజరు ఫైలు తోక ఈఎక్స్ఈ, అది తన పని తనే చేసుకుంది. కీబోర్డు ఫైలు తోక ఎంఎస్ఐ. అలాంటివి విండోస్ ఇన్‌స్టాలర్ అనే నా లోపలి సేవ ద్వారానే ఎక్కాలి. పాత ఆఫీసులో ఎవరో ఆ సేవ తలుపుకే తాళం వేసి పోయారు. ముప్ఫైమంది కూర్చునే చోట ఎవరు పడితే వాళ్లు ఏది పడితే అది ఎక్కించకూడదని వేసి ఉంటారు. అది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ మనిషి వెళ్లిపోయినా ఆయన మాట నేను పాటిస్తూనే ఉన్నాను.

నాది ప్రో ఎడిషన్ కాబట్టి గ్రూప్ పాలసీ ఎడిటర్ నాలోనే ఉంది, హోమ్‌లో అయితే ఉండదు. కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్లు, విండోస్ కాంపొనెంట్లు, విండోస్ ఇన్‌స్టాలర్. ఒక్కో మెట్టూ ఆమె చదువుతుంటే నా లోపలి గదులు ఒక్కొక్కటీ తెరుచుకుంటున్నట్టే ఉంది. 'విండోస్ ఇన్‌స్టాలర్‌ను ఆపు' అన్న వరుసలో 'ఎల్లప్పుడూ' అని ఉంది.

ఆమె మౌస్ మీద చెయ్యి ఆపి చాచా వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆ వరుసను 'నిర్ణయించలేదు' అని మార్చి, నన్ను ఒకసారి మళ్లీ మొదలుపెట్టింది. మిగతా కాపలా దేన్నీ ముట్టుకోలేదు. యాంటీవైరస్ దాని చోట అది ఉంది, నీలం తెర దాని చోట అది ఉంది.

ఈసారి గీత చివరిదాకా నిండింది. ఆమె మొదట కొట్టిన మాట 'శ్రీరస్తు'. తర్వాత వధువు పేరు, వరుడి పేరు, ముహూర్తం, కల్యాణమండపం. కాపీ చేసి వాట్సాప్‌లో అతికించింది. ఒత్తులన్నీ నిలబడ్డాయి. నాయిన కళ్లద్దాలు పైకి జరుపుకుని తెర దగ్గరకు వంగాడు, శ్రీ కింద ఎడంగా ఏమైనా ఉందా అని వెనకటిలాగే వేలితో తడిమి చూశాడు.

చాచా చాయ్ తాగి వెళ్లాక ఆమె పెన్సిల్ తీసుకుంది. క్యాలెండరులో పాస్‌వర్డు చెరిపేసి, దాన్ని ఇనప్పెట్టెలోని నోటు పుస్తకంలోకి మార్చింది. అదే పేజీలో ఆ రోజు తేదీ వేసి, నాలో ఏ వరుస మార్చిందో, అంతకుముందు అక్కడ ఏముండేదో రాసుకుంది. వీధిలో బోనాల పందిరికి గుంజలు పాతుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఫైలు సేవ్ చేసి ఇంకో కార్డు తెరిచింది.