పై స్టాపు టికెట్

విశాఖపట్నం నుంచి భీమిలికి బస్సులో వెళ్తామన్న వాళ్లకు నేను మొదట చెప్పే మాట, కుడివైపు కిటికీ పట్టుకోమని. రైల్వే స్టేషన్లో బయల్దేరే 900కె ఆర్టీసీ కాంప్లెక్స్, మద్దిలపాలెం దాటి సాగర్‌నగర్ వైపు దిగగానే సముద్రం ఆ పక్కకి వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి రుషికొండ, మంగమారిపేట, తొట్లకొండ మలుపు, ఎర్రమట్టి దిబ్బలు, ఆఖరికి గోస్తని సముద్రంలో కలిసే భీమిలి. మధురవాడ మీదుగా హైవే దారి కూడా ఉంది గానీ, ఆ దారిన పోతే కనిపించేవి అపార్టుమెంట్లే.

ఆదివారం సాయంత్రం రుషికొండలో ఆటో మాట్లాడాలంటే బేరానికే సగం ఓపిక ఖర్చవుతుంది. సిటీబస్సుకి ఆ గొడవ లేదు. 2025లో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా డబుల్ డెక్కర్ ఎలక్ట్రిక్ బస్సులు కూడా వేశారు. ఒక్కసారి టికెట్ తీసుకుంటే 24 గంటలు. ఎక్కడ కావాలంటే అక్కడ దిగి, చూసి, వెనకొచ్చే బస్సు ఎక్కొచ్చు. చూడ్డానికి వచ్చినవాళ్లకు చాలా మంచి ఏర్పాటు. మామూలు బస్సులో మాత్రం దిగామంటే ఆ టికెట్ అయిపోయినట్టే.

మా మేనల్లుడూ వాడి భార్యా హైదరాబాద్ నుంచి వచ్చారు. రుషికొండ దాటాక ఒక రిసార్టులో గది తీసుకున్నారు. కారు పిలుస్తానన్నాడు వాడు. ఈ రోడ్డుని కారు ఏసీలోంచి చూడటం నాకు నచ్చదు. పట్టుబట్టి 900కె ఎక్కించాను.

కండక్టర్ వచ్చి అమ్మాయిని ఆధార్ అడిగాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఈ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు గానీ, అది మన రాష్ట్రం వాళ్లకే. తెలంగాణ అడ్రసు చూసి టికెట్ కొట్టాడు. ఆ అమ్మాయి నవ్వుతూనే డబ్బులిచ్చింది.

మా ముందు సీట్లో ఒక తాత కూర్చున్నాడు. కాళ్ల దగ్గర యూరియా సంచి, ఒళ్లో కొత్త నైలాన్ తాడు చుట్ట. ఆ చుట్ట మీద ఉన్న చేతుల్ని చూశాను. రెండు అరచేతుల్లోనూ అడ్డంగా, తాడు కోసుకుపోయిన గాట్లు. పాతవి నల్లబడ్డాయి, ఒకటి రెండు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పెద్దవల లాగే చేతులవి. ఒడ్డున నిలబడి పాతిక ముప్పై మంది రెండు జట్లుగా లాగుతారు దాన్ని. ఆ తాడు బరువు తెలిసిన చేతుల్ని ఎక్కడైనా గుర్తుపట్టొచ్చు.

మేనల్లుడు ఫోన్లో మ్యాప్ తిప్పుతూ, "మావయ్యా, ఏ స్టాపులో దిగాలో ఇందులో సరిగ్గా లేదు" అన్నాడు. ఆ రిసార్టు కొత్తది, నాకూ తెలీదు. రిసార్టు పేరు చెవినపడి తాత వెనక్కి తిరిగాడు.

"నాకు తెల్సు బాబూ. నాతో దిగండి, సూపిత్తాను."

దిగాం. ఎండ దంచుతోంది. తాత మోకాళ్లు పట్టుకుంటూ, సంచి భుజానేసుకుని, మాకంటే ముందు నడిచాడు. స్టాపు దగ్గర బోర్డు లేదు. రోడ్డు దాటి, కొబ్బరిచెట్ల పక్కనుంచి తిరిగితేగానీ గేటు కనపడదు. ఆయన లేకపోతే మేము ఆ ఎండలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాళ్లం. గేటు దగ్గర సెక్యూరిటీ మాకు సెల్యూట్ కొట్టి, ఆయన్ని చూసి, "తాతా, నువ్వాగు" అన్నాడు. తాత అప్పటికే ఆగిపోయి ఉన్నాడు. అమ్మాయి మంచినీళ్ల సీసా చేతిలో పెట్టింది. "సల్లగుండమ్మా" అని వెనుదిరిగాడు.

వాళ్లని గదిలో దింపి, కాఫీ తాగి, నేను బయటికొచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. తాత ఇంకా స్టాపులోనే నిలబడి ఉన్నాడు. భీమిలి వైపు.

"ఏం తాతా, ఇంటికెళ్లలేదా?"

"ఇల్లదిగో బాబూ" అని రోడ్డుకి ఈ పక్కనున్న వీధి చూపించాడు. "ఇంటికి కాదు, తెప్ప కాడికెల్లాల."

"తెప్ప ఎక్కడుంది?"

ఇందాక మేము లోపలికెళ్లిన గోడ వైపు చెయ్యి చూపించాడు. "దానెనకాలే. మా ఈదిలోంచి తిన్నగా దిగిపోయీవోళ్లం. గోడ కట్టీసినాక ఇంక దారి నేదు. పై స్టాపులో దిగి, ఒడ్డమ్మట ఎనక్కి నడిసి రావాల. ఈ మోకాళ్లతోటి రోడ్డంతా నడవనేను, బస్సే."

తీరప్రాంత నియంత్రణ జోన్ మీద 2011లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ నేను చదివాను. జనం సముద్రం దగ్గరికి వెళ్లడానికి రెండు బీచ్ రిసార్టుల మధ్య కనీసం 20 మీటర్ల వెడల్పున ఖాళీ వదలాలని అందులో ఉంది. కంచె వేసుకున్నా అది జనం దారికి అడ్డం రాకూడదనీ ఉంది. ఆ గోడ పక్కన ఇంకో రిసార్టు గోడ. రెంటి మధ్యా ఆ తాడు చుట్ట పట్టేంత సందు కూడా లేదు.

"మరి పై స్టాపులో దిగాల్సినవాళ్లు, ఇక్కడెందుకు దిగారు?"

"మీకు దారి తెల్దన్నారు కదా బాబూ."

బస్సొచ్చింది. తాత ఎక్కాడు. మెట్టు మీద నిలబడే, చిల్లర కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ముందు చేతికొచ్చింది ఇందాకటి టికెట్. అది కూడా పై స్టాపుకే తీసుకున్నది. దాన్ని మళ్లీ జేబులో పెట్టుకుని, కండక్టర్ దగ్గర ఇంకోటి తీసుకున్నాడు.