నిమ్మకాయలు చక్రాల కిందే ఎందుకు?

గురువారం మంత్రాలయంలో కొత్త కార్ల పూజ చూడాలి. బానెట్ మీద పసుపు కుంకుమలు, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, బంపరు ముందు గుమ్మడికాయ. ప్రమాదమంటూ వస్తే ఎదురుగానే వస్తుందని, అదీ హారన్ కొట్టి మరీ వస్తుందని మనవాళ్ల గట్టి నమ్మకం. పక్క తలుపులకు మాత్రం చిటికెడు కుంకుమ కూడా దక్కదు. అటువైపు సంగతి రాఘవేంద్ర రాయరు చూసుకుంటారు!

ఆదోని దారిలో చీకటిపడ్డాక పొలం బాటలోంచి లైట్లు లేకుండా రోడ్డెక్కే పత్తి ట్రాక్టరుకు ఈ నమ్మకం సంగతి తెలియదు. ఎదురుగా గుద్దితే బానెట్ నలిగి కొంత దెబ్బ మింగుతుంది. పక్కనుంచి గుద్దితే మనిషికి అడ్డు జానెడు తలుపు, ఒక అద్దం. బెల్టు ఛాతీని పట్టుకుంటుంది గానీ తలను పట్టుకోదు. అది పోయి అద్దానికో, పిల్లరుకో, లోపలికి చొచ్చుకొచ్చిన ఇనుముకో కొట్టుకుంటుంది. పుర్రె పగలకపోయినా లోపల మెదడు అదిరి దెబ్బతినొచ్చు.

ఆ తలకు అడ్డంగా పైకప్పు అంచునుంచి రెప్పపాటులో దిగేదే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్. వోల్వో 1998లోనే పెట్టింది. మన ఢిల్లీ పెద్దలు 2022 జనవరిలో మేల్కొని, అక్టోబరు 1 నుంచి కర్టెన్లతో కలిపి కారుకు 6 ఎయిర్‌బ్యాగులు ఉండాల్సిందేనని ముసాయిదా తెచ్చారు. గడువు రెండు రోజులుందనగా, విడిభాగాలు దొరకడం లేదని ఏడాది వాయిదా వేశారు. 2023 సెప్టెంబరులో అసలు తప్పనిసరి చేయబోమని రోడ్డు రవాణా మంత్రి గడ్కరీ గారే సెలవిచ్చారు. ముహూర్తం పెట్టి, వాయిదా వేసి, చివరికి పెళ్లే వద్దన్నారు.

ఆ మరుసటి నెలలో కార్ల భద్రతా పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి గుద్ది చూస్తారు, 29 కిలోమీటర్ల వేగంతో స్తంభానికీ కొడతారు. మంచిదే. కాకపోతే కంపెనీకి ఇష్టమైతేనే పరీక్ష. ఈ వెసులుబాటు కర్నూలు జిల్లా పదో తరగతి పిల్లలకెప్పుడిస్తారో!

మనమేం తక్కువ తినలేదు. సన్‌రూఫ్ ఉందా అని అడుగుతాం, పక్క ఎయిర్‌బ్యాగు ఊసెత్తం. ఒకవేళ ఉన్నా, అది కర్టెన్‌లా పైకప్పులోంచి కాదు, సీటు అంచు కుట్టు చీల్చుకుని రావాలి. కారు ఇంటికొచ్చిన మర్నాడే దానిమీద మందపాటి సీటు కవరు బిగిస్తాం. ‘ఎయిర్‌బ్యాగ్’ అని రాసిన బుల్లి గుడ్డముక్క కవరు కింద నలుగుతూ ఉంటుంది.

పూజకొచ్చే భక్తులారా, గుమ్మడికాయ కొట్టండి, అడ్డు చెప్పను. ముందు ఆ కవరు పీకేయండి. ఈసారి షోరూముకెళ్తే సన్‌రూఫ్ కన్నా ముందు కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉందా అని అడగండి.