ఢిల్లీ దుమ్ము గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఢిల్లీ దుమ్ము గారి సముఖమునకు,

అశోకా రోడ్ నుంచి రాసుకుంటున్న విన్నపం.

ఈ రోడ్డు తమరికి కొత్త కాదు. ఇండియా గేట్ దగ్గర మొదలై, విండ్సర్ ప్లేస్ మీదుగా గోల్ డాక్‌ఖానా దాకా రోజూ తమరు తిరిగే దారే. ఒకటో నంబరులో ఆంధ్రా భవన్ ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ ఆస్తి పంపకం తేలడానికి పదేళ్లు పట్టింది. తమరు మాత్రం ఏ నిష్పత్తీ చూడకుండా, క్యాంటీన్ ముందు భోజనం టోకెను కోసం నిలబడ్డ వాళ్లందరి నెత్తినా సమానంగా వాలతారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నా గొడవంతా గ్రామఫోన్ రికార్డుల గురించి.

బదిలీల మీద ఈ ఊరొచ్చిన తెలుగు కుటుంబాలు ఆవకాయ జాడీలతో పాటు రికార్డులూ మోసుకొచ్చాయి. 1963లో వచ్చిన ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం, ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత, 1980 నాటి శంకరాభరణం పాటలు. క్యాసెట్టు రాగానే అవన్నీ అటకెక్కాయి. అక్కడ తమరు వాటిని కంటికి రెప్పలా కాపాడారని ఎవరూ అనరు. ఇప్పుడు పిల్లలు కొత్త టర్న్‌టేబుళ్లు కొనుక్కొచ్చి, తాతగారి అట్టల్ని కిందికి దించి, ఉఫ్ మని ఊది, ముల్లు పెట్టేస్తున్నారు. వినిపించేది తమరి కచేరీ: చిటపట, చిటపట, మధ్యలో ఎక్కడో ఘంటసాల.

తమరి పనితనం తక్కువదేమీ కాదు. ఎల్పీ రికార్డు మీద ముల్లు నడిచే గాడికి పైఅంచు దగ్గర వెడల్పు సుమారు 50 మైక్రాన్లు. ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన తమరి కొలతలు పీఎం 10, పీఎం 2.5. అంటే పది మైక్రాన్లు, రెండున్నర మైక్రాన్లు. లోపలికి దిగి, అడుగున బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి బోలెడు జాగా. స్టీరియో రికార్డులో గాడికి ఒక గోడ ఎడమ స్పీకరుది, రెండోది కుడి స్పీకరుది. తమరు ఏ గోడనూ వదలరు. ఎల్పీలో ఒక వైపు గాడిని విప్పి పరిస్తే దాదాపు అర కిలోమీటరు వస్తుంది. అంత దారీ తమరిదే.

ముల్లు బరువు రెండు గ్రాములే కావచ్చు. కానీ ఆ బరువంతా వెంట్రుక మందం కన్నా చాలా తక్కువ చోట పడుతుంది. కింద తమరుంటే ఆ ఒత్తిడికి ఇసుక రేణువు గోడలోకి దిగబడుతుంది. ఆ తర్వాత ఎంత కడిగినా మచ్చ పోదు. అందుకే 'నాలుగు సార్లు వేస్తే అదే శుభ్రపడుతుంది' అనే పెద్దమనుషుల మాట నేను ఒప్పుకోను. అది శుభ్రపడటం కాదు, అరగడం.

తమరికి తోడుగా వచ్చే బంధుమిత్రుల సంగతి వేరే చెప్పాలి. మే, జూన్లలో రాజస్థాన్ నుంచి ఆంధీ, అంటే దుమ్ము తుపాను. అక్టోబరు, నవంబరులలో పంట మోళ్లు కాల్చిన పొగ; అది ఒట్టి దుమ్ము కాదు, జిడ్డున్న మసి, పొడిబ్రష్షుకు లొంగదు. చలికాలంలో హీటరు పెట్టిన పొడి గదిలో కాగితపు సంచి నుంచి రికార్డు లాగితే చాలు, స్థిర విద్యుత్తు పుట్టి తమరిని పిలిచి మరీ అతికించుకుంటుంది. వానాకాలంలో ఆ బాధ తగ్గుతుంది గానీ బూజు దిగుతుంది. ఏడాదిలో తమరికి సెలవంటూ లేదు.

ఇంత చెప్పినా, నిజం ఒప్పుకోవాలి. తమరికన్నా మా వాళ్ల వైద్యమే రికార్డులకు ఎక్కువ చేటు చేసింది. చొక్కా అంచుతో అడ్డంగా రుద్దేవారొకరు. పెయింటు థిన్నరు పోసేవారొకరు. కొళాయి కింద పట్టి, ఎండలో ఆరేసేవారు మరొకరు. ఇక్కడి నీళ్లలో ఉప్పు ఎక్కువ; ఆరాక ఆ ఉప్పే గాడిలో తెల్లగా మిగులుతుంది. ఇక ఢిల్లీ ఎండకు వినైల్ రికార్డు వంగి అప్పడమవుతుంది. తమరు పెట్టిన మురికి కడిగితే పోతుంది. వీళ్లు పెట్టిన గీత పోదు.

కాబట్టి తమరి మీద నా యుద్ధం నీళ్లతోనే. ఇన్వర్టరు బ్యాటరీకని అమ్మే డిస్టిల్డ్ వాటరు, అందులో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క, మెత్తటి వెడల్పు బ్రష్షు. మధ్యనున్న కాగితం తడవకుండా చూసుకుని, గాడి తిరిగిన వైపే గుండ్రంగా, నొక్కకుండా తిప్పాలి. మురికి నానడానికి కాస్త టైమివ్వాలి. తర్వాత సబ్బు లేని డిస్టిల్డ్ వాటరుతో కడగాలి. ఈ రెండో కడుగు మానేస్తే సబ్బే కొత్త మురికి. ఆపైన పళ్లేల స్టాండులో నిలబెట్టి, నీడలో, తలుపులు మూసి, ఫ్యాను ఆపి ఆరబెట్టాలి. మే నెలలో ఈ ఊళ్లో ఫ్యాను ఆపి కూర్చోవడం తపస్సే, కానీ ఫ్యాను తిరిగితే తమరు మళ్లీ హాజరు. ఆరిన రికార్డును పాత సంచిలోకి తోయకూడదు. సంచి నిండా తమరే ఉంటారు. కొత్త లోపలి సంచీ వేసి నిలువుగా పెట్టాలి. చాందినీ చౌక్ పాత రికార్డుల దుకాణాల్లో కొన్న ప్రతి రికార్డుకూ, ఎంత మెరుస్తున్నా సరే, ముందు స్నానం, తర్వాతే ముల్లు.

తమరిని ఊరు వదిలి వెళ్లమనడానికి నేనెవరిని? కర్తవ్య పథ్ పక్కన కట్టడాలు సాగినన్నాళ్లూ తమరికి పిలుపులు వస్తూనే ఉంటాయి. అట్ట మీద కూర్చోండి, అలమారా మీద కూర్చోండి, నా కళ్లజోడు మీద కూర్చోండి. గాడిలోకి మాత్రం దిగకండి. దిగారో, కడిగేస్తాను.

ఇట్లు,
అశోకా రోడ్ నుంచి
ఒక రికార్డుల మనిషి

తా.క.: ఇది పాఠకులకు. మీ అటక మీది రికార్డు బరువుగా, పెళుసుగా, నిమిషానికి 78 చుట్లు తిరిగేదైతే అది వినైల్ కాదు, లక్క. అందులో రాతిపొడి కూడా కలిపారు. అంటే దుమ్ము గారి చుట్టాలు పుట్టుకతోనే లోపలున్నారు. పాట కొత్తదనుకుని మోసపోకండి. పడమటి దేశాలు మానేశాక కూడా, 1960లలో బీటిల్స్ పాటలు సైతం మన దేశంలో 78 ప్లేట్లుగా వచ్చాయి. స్పిరిటు తగిలితే లక్క కరుగుతుంది. అలాంటి ప్లేటును నీళ్లతోనే, నాననివ్వకుండా కడిగి, వెంటనే తడి అద్దేయండి. స్పిరిటు సీసాను ఆ గదిలోకే తేవద్దు.