సోంపు ప్లేటులో జీతం

కొత్తగా పనికొచ్చిన సర్వర్‌కు మా వరంగల్ మట్టెవాడ హోటల్ సేటు జీతం మాట్లాడే తీరు వింటే ఆర్థిక మంత్రులు కూడా కొంత నేర్చుకోవచ్చు. "జీతం గింతే తమ్మీ. తినుడు ఈడనే, పండుడు ఈడనే. మీదికెళ్లి టిప్పులొస్తయ్, అవన్నీ నీయే. నేను పైస ముట్ట." తనవి కాని పైసలు తాను ముట్టనని మాటివ్వడం కూడా దానధర్మాల కిందికి వస్తుందని మనకు అప్పుడే తెలుస్తుంది. తానిచ్చేది ఎంతో సేటే చెప్పాడు. ఇంకెవరో ఇవ్వబోయేది కూడా జీతం లెక్కేనని సేటే చెప్పాడు. ఆ ఇంకెవరో పెద్దమనిషి ఆ టైముకు ఇంట్లో పండ్లు తోముకుంటూ ఉంటాడు. తన జేబు మీద ఒక కొలువు ఖాయమైందన్న సంగతి పాపం అతనికి తెలియదు.

పోనీ, ఆ పెద్దమనిషి ఎవరో చూద్దాం. ఎంజీఎం దవాఖాన దగ్గర్లో ఉన్నందుకు మట్టెవాడ హోటళ్లకు పొద్దు పొడవకముందే గిరాకీ మొదలవుతుంది. ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో రాత్రికి రాత్రి 108లో పేషెంటు వెంట వచ్చి, వార్డు బయట కూర్చొని తెల్లవార్చినవాళ్లు. ఒక ప్లేటు ఇడ్లీ ఇద్దరు తిని, ఇంకో ప్లేటు పార్సిల్ కట్టించుకొని, "చట్నీ జర ఎక్కువ పొయ్యి తమ్మీ" అని బతిమాలి పోతారు. తర్వాత కాకతీయ మెడికల్ కాలేజీ పిల్లలు, ఒక బిర్యానీకి మూడు ఖాళీ ప్లేట్లు అడిగే వర్గం. మధ్యాహ్నం ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర విని ఆకలి సగం చచ్చిన రైతు. పెండ్లిళ్ల సీజన్లో అయితే చౌరస్తాలో బట్టలు కొని, ఉన్న డబ్బంతా అక్కడే వదిలించుకొని, చేతుల నిండా సంచులతో దిగే కుటుంబం. సర్వర్‌కు సేటు రాసిచ్చిన బంగారు గని ఇదే.

ఆ గనిలో కూడా మళ్లీ వాటాలున్నాయి. ఏసీ గది టేబుళ్లు ఎవరికి, ఫ్యాను కింది బల్లలు ఎవరికి అన్నది కెప్టెన్ దయ. దోసె కాల్చేవాడికి, వెనక అంట్లు తోమే అవ్వకు ఏ టేబులూ రాదు. ఆమె ఎంత శుభ్రంగా తోమినా "గిన్నె బాగా తోమినవ్ అవ్వా" అని పది రూపాయలు పెట్టిపోయిన గిరాకీని వరంగల్ ఇంకా చూడలేదు.

నోట్ల కాలంలో ఈ వ్యవహారంలో కొంత కళ అయినా ఉండేది. బిల్లు 380 అయి మీరు ఐదు వందల నోటు పెట్టారనుకోండి, పనితనం తెలిసిన సర్వర్ మిగిలిన 120ని ఒక వంద, ఒక ఇరవైగా తేడు. ఒక యాభై, ఏడు పదులు తెస్తాడు. ఆ పదుల్ని సోంపు మీద కొంచెం విడివిడిగా పరిచి, ప్లేటు మీ ముందు పెట్టి, పక్క టేబుల్ తుడవడం మొదలుపెడతాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తాడు. మీరు యాభై తీసి, పదులు ఒక్కొక్కటే ఏరుతుంటే, చివరి పది దగ్గర చెయ్యి ఆగుతుంది. తీయాలా, ఉంచాలా? పక్కన భార్య చూస్తోందా? ఆ రెండు క్షణాల్లో ఒక మనిషి వేతన సవరణ జరిగిపోతుంది. కమిటీ లేదు, నోటిఫికేషన్ లేదు, అభ్యంతరాలకు గడువు లేదు.

ఇప్పుడు ఆ రెండు క్షణాలు కూడా లేవు. టేబుల్ మీద క్యూఆర్ కోడ్, గల్లా మీద సౌండ్ బాక్సు. 380 అంటే 380 కొట్టి లేచిపోతున్నాం. డబ్బు ముట్టిందని సౌండ్ బాక్సు హాలంతా వినపడేలా చాటుతుంది. ముట్టింది సేటు ఖాతాకు. సర్వర్‌కు సోంపు మిగులుతుంది. అయినా సేటు పాట మాత్రం నోట్ల కాలం నాటిదే. "టిప్పులొస్తయ్ గదా!"

ఇదంతా మట్టెవాడ సేటు సొంత బుర్ర అనుకునేరు. పెద్ద హోటళ్ల దగ్గర ఇదే పాటకు లాయర్లు కూడా ఉన్నారు. కార్డు మీద బిల్లుతో కలిపి ఇచ్చిన టిప్పును హోటలే కదా సిబ్బందికి పంచేది, కాబట్టి అది జీతమే, టీడీఎస్ కోయాల్సిందే అని ఆదాయపు పన్ను శాఖ పట్టుబట్టింది. ఐటీసీ వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2016 ఏప్రిల్లో గెలిచారు. టిప్పు ఇచ్చేది గిరాకీ, అదీ అతని ఇష్టం. యజమాని చేతి మీదుగా పోయినంత మాత్రాన అది జీతం కాదు. న్యాయమైన మాట, నాకేమీ పేచీ లేదు. నా అనుమానమల్లా ఒకటే. పన్నుల వాళ్ల ముందు జీతం కాని డబ్బు, సర్వర్‌ను పెట్టుకునే రోజు జీతం ఎలా అవుతుంది? తీర్పు ప్రతిని ఒక్క గల్లా పక్కన కూడా, లక్ష్మీదేవి ఫొటో కింద తగిలించిన పాపాన పోలేదు.

హైదరాబాద్ మాల్స్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. గిరాకీ ఇష్టాన్ని నమ్ముకోవడమెందుకని సర్వీస్ చార్జీ పేరుతో బిల్లులోనే వేసేశారు. ఇలా ఎవరూ తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిస్తే, హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పరుగెత్తాయి. ఆ చార్జీ సిబ్బంది బాగు కోసమేనట! 2025 మార్చి 28న సింగిల్ జడ్జి ఆ పిటిషన్లు కొట్టేసి చెరో లక్ష ఖర్చులు వేశారు. సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. సిబ్బంది మీద అంత ప్రేమ పొంగితే, ఆ ముక్కను జీతంలో కలపడానికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదన్న సంగతి అంతమంది లాయర్లలో ఒక్కరూ చెప్పినట్టు లేదు.

ఇక డిసెంబర్లో డాలస్ నుంచి దిగే బావమరుదులు. బిల్లు చూసి, ఫోన్లో ఇరవై శాతం లెక్కగట్టి, ప్లేట్లో పెట్టి, మనవైపు జాలిగా చూస్తారు. సర్వర్‌కు ఆ రోజు పండుగే, కాదనను. కానీ బావమరిది మోసుకొచ్చిన ఆ నాగరికత అసలు కథ వినండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులొచ్చే పనివాడికి యజమాని గంటకు 2.13 డాలర్లిస్తే చాలు, కనీస వేతనం 7.25 దాకా టిప్పులే పూడ్చాలి. పూడకపోతే తేడా యజమాని కలపాలని కాగితం మీద ఉంది. ఆ 2.13 పెట్టింది 1991లో, మన లక్నేపల్లి పి.వి. ప్రధాని అయిన ఏడు. ఆయన దేశం దారే మార్చి వెళ్లిపోయాడు, ఆ అంకె మాత్రం కదల్లేదు. అదే అమెరికాలో కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు టిప్పుతో పని లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాలన్నాయి. అక్కడ హోటళ్లేం మూతపడలేదు. శనివారం వస్తే సన్నీవేల్‌లో మనవాళ్లు దోసె కోసం పేరు రాయించుకొని బయట నిలబడతారు.

మన చట్టంలోనైతే టిప్పును జీతంలో జమకట్టుకునే వెసులుబాటే లేదు. ఐదేళ్లకు మించకుండా కనీస వేతనాలు సమీక్షించాలని 1948 చట్టం చెప్పింది, ఇప్పుడు దాని స్థానంలోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. సేటుకు చట్టం తెలియదనుకోకండి. లేబర్ ఆఫీసరు వచ్చే రోజు ఏ రిజిస్టరు బయట పెట్టాలో ఆయనకు బాగా తెలుసు.

సర్వర్ బాగా చూసుకోవాలంటే టిప్పు ఉండాల్సిందే, లేకుంటే నీళ్ల గ్లాసు కూడా కదలదు అంటారు కొందరు. నాకూ ఆ సిద్ధాంతం నచ్చింది. దాన్ని గల్లా దాకా పొడిగిద్దాం. దోసెకు ధర వద్దు. గల్లా మీద కూడా ఒక సోంపు ప్లేటు పెడదాం. తిని, సాంబారు వేడిగా ఉంటే ఒక మాట, చల్లగా ఉంటే ఒక మాట, మీ మనసుకు తోచింది వేసి పోండి. సేటు కూడా మంచిగ చేసుకుంటే నెలకు మస్తుగా వెళ్తుంది. తిండి ఎలాగూ అక్కడే.

"జీతాలు పెంచితే దోసె ధర పెంచాలె, మీరే మొత్తుకుంటరు" అని సేటు బెదిరిస్తాడు. గల్లా వెనక ధరల బోర్డు చూడండి. మసాలా దోసె పక్కన అంకె మీద స్టిక్కరు, దాని మీద ఇంకో స్టిక్కరు, అంచులు లేచి పాత ధరలు తొంగిచూస్తుంటాయి. సిలిండర్ పెరిగినప్పుడు ఒకటి, నూనె పెరిగినప్పుడు ఒకటి. రాత్రి మూసేటప్పుడు ఒక ధర, పొద్దున తెరిచేటప్పుడు ఇంకో ధర. సిలిండర్ కోసం ఏదన్నా వేసి పోండి సార్ అని సేటు ఎన్నడూ ప్లేటు పెట్టలేదు. మనమూ ఒకసారి గొణిగి, అదే దోసె తిని, అదే చట్నీ రెండోసారి అడిగి పోయించుకున్నాం. బోర్డు మీద ఇంకో స్టిక్కరుకు జాగా ఉంది. సర్వర్ పేరు మీద అంటించమనండి, ఆ ఐదు రూపాయలు క్యూఆర్ కోడ్ మీదే కొడతాం.