ముందున్న సున్నా

నేను ఈ-ఇన్‌వాయిస్‌ని. జేసన్ ఫైలుగా పుడతాను. ఏ గడిలో ఏముండాలో చెప్పే నమూనాని స్కీమా అంటారు. జీఎస్‌టీ వ్యవస్థ ప్రకటించిన స్కీమాకి నాలోని ప్రతి గడీ సరిపోతేనే పోర్టల్ నాకు 64 అక్షరాల గుర్తింపు ఇస్తుంది. 2020 అక్టోబరు 1న, టర్నోవర్ 500 కోట్లు దాటిన కంపెనీలతో మొదలై, 2023 ఆగస్టు 1కల్లా 5 కోట్లు దాటినవాళ్ల దాకా వచ్చాను. అలా హోసూరు సిప్‌కాట్‌లోని విడిభాగాల యూనిట్లకీ, కృష్ణగిరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకీ నాతో పని పడింది.

ప్రోగ్రామింగ్ భాషలో టైపులుండగా స్కీమా తనిఖీ ఎందుకు అనేవాళ్లకి నాలో సరుకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడు గడిని చూపిస్తాను. ద్విచక్ర వాహనాల విడిభాగాలకి ఆ కోడు 8714తో, కార్లు, లారీల విడిభాగాలకి 8708తో మొదలవుతుంది. హోసూరులో వీటినే చూసిన ప్రోగ్రామర్ ఆ గడిని సంఖ్యగా ప్రకటిస్తే టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ కిక్కురుమనదు, ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ రాదు. అదే ప్రోగ్రాం కృష్ణగిరికి వచ్చి మామిడి గుజ్జుకి 080450 వేయబోతే ముందున్న సున్నా రాలిపోయి 80450 మిగులుతుంది. టైపు ప్రకారం అదీ ఒప్పే. పోనీ, అక్షరాల వరుసగా ప్రకటిద్దామంటారా? ఎక్సెల్ షీటులోనే సున్నా పోగొట్టుకుని వచ్చిన "80450" కూడా అక్షరాల వరుసే. అసలు కంపైలర్ దాన్ని చూడనే చూడదు. టైప్‌స్క్రిప్ట్ జావాస్క్రిప్ట్‌గా మారేటప్పుడే టైపులు చెరిగిపోతాయి, షీటు తెరుచుకునేది ఆ తర్వాతెప్పుడో. కోడులో 4, 6 లేదా 8 అంకెలుండాలి, 5 ఎలా వచ్చాయని ఆ క్షణాన నిలదీసేది స్కీమాయే. రస్ట్, హాస్కెల్ లాంటి భాషల్లో కోడుకి ప్రత్యేకంగా ఒక టైపే పెట్టుకోవచ్చు కదా అంటారు, నిజమే. కానీ బయటి పాఠాన్ని ఆ టైపులోకి మార్చే చోట అంకెలు లెక్కపెట్టక తప్పదు. ఆ లెక్కే స్కీమా తనిఖీ, పేరేదైనా సరే.

అలాగని టైపుల్ని వదిలేయమనను. ఒక గడి పేరు మారితే దాన్ని వాడే చోట్లన్నీ కంపైలర్ అప్పటికప్పుడు చూపిస్తుంది. స్కీమా మాత్రం డేటా వచ్చాకే నోరు విప్పుతుంది. సీజన్లో గుజ్జు డ్రమ్ములు లారీకెక్కాక తప్పు బయటపడితే ఎవరికి లాభం? ప్రతి ఫంక్షన్లోనూ స్కీమా నడపడం కూడా దండగ. గుమ్మం దగ్గర ఒకసారి సరిచూసి లోపలికి టైపుతో పంపితే చాలు. నన్ను బాగా ఆలోచింపజేసిన అభ్యంతరం వేరే ఉంది: ఒకే విషయాన్ని రెండు చోట్ల రాస్తే, ఒకటి మార్చి రెండోది మరిచిపోతారు. అందుకే రెండు చోట్ల రాయొద్దంటాను. జాడ్ లాంటి లైబ్రరీలో స్కీమా రాస్తే టైపు దాన్నుంచే వస్తుంది. ఎక్సెల్ షీట్ల మీద నడుస్తూ కొత్తగా 5 కోట్లు దాటిన యూనిట్‌కి నేను చెప్పే వరస అదే: ముందు స్కీమా, దాన్నుంచి టైపు.

ఇంత చేసినా డ్రమ్ములో ఉన్నది మామిడి గుజ్జో, జామ గుజ్జో స్కీమాకీ తెలియదు, టైపుకీ తెలియదు. జామకీ కోడు 080450యే. అది తెలియాలంటే మూత తీసి చూడాలి.