తెరమూల పద్యానికి టీకా తాత్పర్యం

మూలము

తెరకు మూల నిలిచి తెలిపె సందేశంబు
నిన్న రాని కబురు నేడు రాదు
ద్వారపాలు నడుగు దారి యెందున్నదో
సరిగ జూచి మరల సాగుమయ్య

అవతారిక

మా ఆఫీసు అకౌంట్స్ సెక్షన్‌లో ఒక కంప్యూటరుంది. దాని తెర కుడివైపు కింది మూలన, గడియారం పక్కన, చిన్న డాలు బొమ్మ కనిపిస్తుంది. అది పచ్చగా ఉంటే క్షేమం. ఇరవై రెండు రోజులుగా దాని మీద పసుపురంగు ఆశ్చర్యార్థకం కూర్చుంది. మౌస్ దగ్గరికి తీసుకెళ్తే, యాంటీవైరస్ అప్‌డేట్ కాలేదు, ప్రాక్సీ సెట్టింగులు సరిచూసుకోండి అని ఇంగ్లీషులో ఒక ముక్క. ఆ ముక్కనే ఆటవెలదిలోకి దించాను. సీసం రాసేంత సరుకు అందులో లేదు.

మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యలు రాశాడు. ఆయనకు దొరికిన మూలాలు కాళిదాసు వంటివారివి. నాకు దొరికింది ఇది. కనుక ఆ ఒట్టు నాకు వర్తించదు.

ప్రతిపదార్థము

తెరకు మూల = ఎవరూ చూడని చోట; నిలిచి = నాలుగు సెకన్లు నిలబడి; సందేశంబు తెలిపె = చెప్పీ చెప్పనట్టు చెప్పెను; నిన్న రాని కబురు = కొత్త వైరస్‌ల ఆనవాళ్ళ పట్టీ; నేడు రాదు = నేడును రాదు, రేపటి సంగతి అడగవద్దు; ద్వారపాలున్ = ప్రాక్సీ సర్వరును; అడుగు = విచారింపుము; దారి ఎందున్నదో = చిరునామా యేదో, పోర్టు నంబరేదో; సరిగ జూచి = ఒక్కొక్క అంకెను వేలుపెట్టి చూచి; మరల = రీట్రై నొక్కి; సాగుము = ముందుకు పొమ్ము; అయ్య = ఓ సిస్టం అడ్మినూ. ఈ చివరి సంబోధనలో గౌరవం కన్నా చేతులు దులుపుకోవడమే ఎక్కువ.

తాత్పర్యము

నాకు దారి దొరకలేదు, నువ్వే చూసుకో.

విశేషములు

ద్వారపాలుడు: పద్యానికి ఇదే ఆయువుపట్టు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. పార్సిల్ కుర్రాడిని లోపలికి రానివ్వడు. మిమ్మల్ని బయటికి పోనివ్వడు. తనే గేటు దాకా వెళ్ళి పార్సిల్ అందుకుని, పేరు చూసి, మీ గుమ్మం దగ్గర పెడతాడు. ప్రాక్సీ చేసే పనీ ఇదే. ఆఫీసు కంప్యూటర్ల తరఫున ఇంటర్నెట్‌కు తాను వెళ్ళి వస్తుంది. దాన్ని పిలవాలంటే చిరునామాతో పాటు పోర్టు నంబరు కావాలి. చాలాచోట్ల 8080, స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న చోట మామూలుగా 3128. ఒక అంకె తప్పితే పిలుపు గోడకు తగిలి వెనక్కొస్తుంది.

చిరునామా సరే, నువ్వెవరు అని కూడా కొందరు ద్వారపాలకులు అడుగుతారు. వైకుంఠం వాకిట సనకసనందనాదులను ఆపినందుకు జయవిజయులకు శాపం తగిలింది. మన ద్వారపాలకుడికి ఆ భయం లేదు. 407 అనే అంకె ఒకటి ముఖాన కొట్టి ఊరుకుంటాడు. ఐడీ, పాస్‌వర్డ్ చూపించు, లేదా వెళ్ళు అని దాని అర్థం. లాగ్ ఫైలులో ఈ అంకె కనబడితే సంతోషించాలి. చిరునామా దాకా సరిగ్గానే ఉందని అది సాక్ష్యం.

పూర్వపక్షము

ఇక్కడ అకౌంట్స్ మేడం ఆక్షేపణ: "నాకు యూట్యూబ్ బ్రహ్మాండంగా వస్తోంది కదండీ! నెట్ ఉంది, ప్రాక్సీ ఉంది, ఇంకేం కావాలి దానికి?"

ఈ ఆక్షేపణ బలమైనది. నాకు ముందున్న సిస్టం అడ్మిన్ దీనికి "రీస్టార్ట్ చేయండి" అని ఏకవాక్య వ్యాఖ్య రాసి, వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు.

సిద్ధాంతము

బ్రౌజరు మీ పేరు మీద నడుస్తుంది. మీరు లాగిన్ అయి సెట్టింగుల్లో నింపిన ప్రాక్సీ చిరునామాను విండోస్ మీ ఖాతాలోనే దాచుకుంటుంది. యాంటీవైరస్ అప్‌డేట్ మీ పేరు మీద నడవదు. మీరింకా ఇంట్లో కాఫీ తాగుతుండగానే, సిస్టం అనే వేరే ఖాతా కింద అది పని మొదలుపెట్టి ఉంటుంది. మీ ఖాతాలో ఏం రాసుకున్నారో దానికి తెలియదు. మీ రేషన్ కార్డు మీద పక్కింటాయనకు బియ్యం ఇవ్వరు కదా, అదీ అంతే. ద్వారపాలకుడున్నాడన్న సంగతే తెలియక అది తిన్నగా బయటికి నడుస్తుంది, ఫైర్‌వాల్‌కు తల కొట్టుకుంటుంది.

నిరూపణకు నల్ల కిటికీ తెరవండి, అంటే కమాండ్ ప్రాంప్ట్, అడ్మినిస్ట్రేటర్ హోదాలో. నెట్‌ష్ విన్‌హెచ్‌టీటీపీ షో ప్రాక్సీ అని కొట్టండి. "డైరెక్ట్ యాక్సెస్, నో ప్రాక్సీ సర్వర్" అని వస్తే దొంగ దొరికినట్టే. మేడం కంప్యూటర్లో సరిగ్గా అదే వచ్చింది. షో తీసి సెట్ పెట్టి, చివర చిరునామా, పోర్టు చేర్చాను. మీ ఖాతాలో ఉన్నదాన్నే తెచ్చుకునే ఇంపోర్ట్ మాట కూడా ఒకటుంది కానీ, అది చేత్తో నింపిన చిరునామానే మోసుకొస్తుంది. ఆఫీసువాళ్ళు ఏ ప్రాక్సీ వాడాలో చెప్పే ప్యాక్ స్క్రిప్టు ఇచ్చి ఉంటే దాన్ని తేదు. విండోస్ డిఫెండర్‌ది ఈ దారే. చాలా యాంటీవైరస్‌లకు తమ సెట్టింగుల్లో సొంత ప్రాక్సీ గడి ఉంటుంది. అక్కడ వేరుగా నింపాలి.

పాఠాంతరములు

"నిన్న రాని" అన్నచోట "నిన్నటిదియె" అనే పాఠం ఉంది. ప్రాక్సీ తన కాష్‌లో దాచుకున్న పాత పట్టీనే మళ్ళీ మళ్ళీ ఇచ్చే సందర్భం. గణాలూ చెడలేదు, అర్థమూ నిలుస్తుంది.

"దారి యెందున్నదో" అన్నచోట "దారి లేదిచ్చటన్" అని మరో పాఠం. ఇది ఇంటికి తీసుకెళ్ళిన ల్యాప్‌టాప్‌లది. 2020లో అందరం ఇళ్ళనుంచి పనిచేసినప్పుడు ఎక్కువగా చూశాను. ఆఫీసు ప్రాక్సీ చిరునామా అందులో అలాగే ఉండిపోతుంది. ఇంట్లో ఆ ద్వారపాలకుడు లేడు. లేనివాణ్ణి పిలుస్తూ అప్‌డేట్ గుమ్మంలోనే నిలబడుతుంది.

ఇంకొక ప్రక్షిప్తం. ప్రాక్సీ గడిలో మీరెప్పుడూ రాయని 127.0.0.1 కనబడితే కాస్త ఆగండి. అది మీ కంప్యూటరు తనను తాను పిలుచుకునే చిరునామా. కొన్ని సక్రమమైన ప్రోగ్రాములూ అలా పెట్టుకుంటాయి, కొన్ని వైరస్‌లూ పెడతాయి. వైరస్‌ను తీసేసినా ఆ రాత మిగిలిపోతుంది. అప్పుడు బ్రౌజరూ పడుకుంటుంది.

శేషము

సెట్ కొట్టాక మేడం కంప్యూటర్లో 407 వచ్చింది. తొందరలో యాంటీవైరస్ ప్రాక్సీ గడిలో నా సొంత ఐడీ, పాస్‌వర్డ్ టైపు చేశాను. పది నిమిషాల్లో డాలు పచ్చబడింది. మేడం స్వీటు కూడా పెట్టారు.

మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్నది మా ఆఫీసు నియమం. మార్చాను. మర్నాటినుంచి నా ఐడీ లాక్ అవడం మొదలుపెట్టింది. తెరిపిస్తే గంటలో మళ్ళీ లాక్. "సార్, మీరు ఎక్కడో తప్పు పాస్‌వర్డ్ కొడుతూనే ఉన్నారు" అని హెల్ప్‌డెస్క్ కుర్రాడు. నేను కొట్టడం లేదని రెండు రోజులు వాదించాను. నా పాత పాస్‌వర్డ్‌తో గంటగంటకూ తలుపు తడుతున్నది అకౌంట్స్ సెక్షన్‌లోని ఆ యాంటీవైరసే.

తర్వాత ప్రాక్సీ చూసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, అప్‌డేట్ సర్వర్ల చిరునామాలకు మాత్రం పాస్‌వర్డ్ అడగకుండా వదిలిపెట్టేలా రాయించుకున్నాను. మీ ఆఫీసులో ఆ గడిలో ఎవరి పాస్‌వర్డ్ ఉందో ఒకసారి చూడండి.